పేర్ల బల్ల

మార్చి రెండో శుక్రవారం.
సస్కటూన్‌లో మంచు ఇంకా మొండికేస్తూనే ఉంది.
హోటల్ బయట, కరెంటు తీగలకు కట్టేసిన పశువుల్లా
కార్లు వరసగా నిలబడి ఒళ్ళు వెచ్చబెట్టుకుంటున్నాయి.
లోపల, గుమ్మం పక్కన, నా బల్ల.
నేను ఒరీసియా హ్నాట్యుక్‌ని.
వచ్చే ఏడు క్లబ్బులకు అధ్యక్షులయ్యేవాళ్ళకి
వాళ్ళ పేర్లు నేనే చేతికిస్తాను.

మొదటి ఏడు పంతొమ్మిది పేర్లు, నా చేతిరాతతో.
చర్చి నేలమాళిగ, మడత కుర్చీలు,
నీళ్ళలాంటి కాఫీ, నేను వండిన పెరోగీలు.
పాఠం చెప్పే పెద్దమనిషి సుత్తి ఇంట్లో మరిచిపోయి
చెంచాతో గంట కొట్టి చూపించాడు.
"సభ మొదలెట్టడం ఎవరికైనా వచ్చు,
ముగించడమే విద్య" అన్నాడు.
ఆయన ముగించేసరికి రాత్రి తొమ్మిదిన్నర.

ఇప్పుడు నూట పన్నెండు.
మూడు రాష్ట్రాలు, రెండు రోజులు, తెరలు, మైకులు.
కొత్త సభ్యుల్ని తేవడం ఒక గదిలో,
మొహమాటం లేకుండా చందా అడగడం ఇంకో గదిలో,
అలిగిన పాత అధ్యక్షుణ్ణి దారికి తెచ్చుకోవడం చివరి గదిలో.
కిటకిటలాడేది ఆ చివరి గదే.

ఎంత పెరిగాం! అంటారు వేదిక మీద.
అందరూ చప్పట్లు కొడతారు.
పెన్ను పక్కన పెట్టి నేనూ కొడతాను.
కానీ అప్పుడు ఒక్క జిల్లా, ఇప్పుడు ఏడు.
భాగహారం నాకూ వచ్చు.
మా గది మేం నింపుకోలేని ఏడు
పక్క జిల్లాని పిలిచాం.
ఇద్దరం కలిసినా వెనక వరసలు బోసిపోతే
ఆ పక్కవాళ్ళని.
తరుగుతూ తరుగుతూ పెరిగాం,
చలికి గొర్రెలు దగ్గరికి జరిగినట్టు.

హోల్మార్ నుంచి ఆన్స్‌గార్ థోర్వాల్డ్‌సన్ వచ్చేవాడు.
ఊళ్ళో నూట నలభై మంది, క్లబ్బులో నలుగురు.
అధ్యక్ష పదవి వంతుల మీద తిరిగేది, కోత యంత్రంలా.
ఏడుసార్లు నేర్చుకున్నాడు ఇదే పాఠం.
మళ్ళీ ఎందుకయ్యా అంటే,
"పోయినసారి చెప్పింది మరిచిపోయాను,
పైగా ఇక్కడ బార్లీ సూప్ బావుంటుంది" అనేవాడు.

సాయంత్రానికి బల్ల మీద
ఎవరూ తీసుకోని పేర్లు కొన్ని మిగులుతాయి.
ఆవులు ఈనే కాలమని ఒకరు రారు,
దారిలో తుఫానని ఒకరు,
కబురైనా లేకుండా ఒకరిద్దరు.
పారేయడానికి చెయ్యి రాదు.
మా ఇంట్లో బిస్కెట్ డబ్బా ఒకటి
రాని అధ్యక్షులతో నిండిపోయింది.

ఈసారి ఆన్స్‌గార్ బిళ్ళ మిగిలింది.

రాత్రి తొమ్మిదికి, బల్ల మడిచేస్తుంటే
బూట్ల నిండా మంచుతో ఒకామె వచ్చింది.
మారివిక్ దుమ్లావ్, హోల్మార్ వృద్ధాశ్రమంలో నర్సు.
నాలుగు గంటలు ఒక్కతే నడుపుకుంటూ వచ్చింది, అతని ట్రక్కులో.
"మంగళవారం పోయాడు.
నేల మెత్తబడ్డాక పూడుస్తారు.
ముగ్గురం మిగిలాం,
మిగతా ఇద్దరికీ చీకట్లో దారి ఆనదు.
అధ్యక్షులు ఏం చేస్తారో నాకు తెలీదు.
అక్కడ చెబుతారని ఆయనే అన్నాడు."

ప్రింటర్ అప్పటికే పెట్టెలోకి వెళ్ళిపోయింది.
అతని బిళ్ళ తీసి, కొట్టేయబోతే
చెయ్యి పట్టుకుంది.
"వెనక వైపు రాయండి" అంది.
అక్షరాలు ఒక్కొక్కటే అడిగి రాశాను.
ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ చేత్తో,
'దు' దగ్గర కాస్త వణికింది.

మెడలో వేసుకుని, ఒక నిమిషం ఆగి,
సిగ్గుపడుతూ అడిగింది:
సూప్ ఏమైనా మిగిలిందా అని.

వంటవాణ్ణి బతిమాలి వెచ్చబెట్టించాను.
తాగుతూ ముందుకు వంగినప్పుడల్లా
బిళ్ళ తాడు మీద తిరుగుతోంది,
ఒకసారి అతను, ఒకసారి ఆమె.
రేపు ఎనిమిదింటికి గంట కొట్టడం నేర్పుతారు.
డబ్బాలో వేయడానికి
ఈ ఏడు నా దగ్గర ఐదే ఉన్నాయి.